‘బలహీనులకు ఊతనియ్యుడి’: ఒకే వచనంలో వేర్వేరు క్రియలు

ప్రశ్న (పాలకొల్లు ప్రాంతం నుంచి ఒక సభ్యురాలు):
ఆదివారం ఆరాధనలో మా అయ్యగారు విశ్వాసి దినదిన జీవితాన్ని గురించి బోధిస్తూ, ప్రసంగమంతా బైబిలులోని 1 థెస్సలొనీకయులకు 5:14 మీదనే నడిపించారు. “అక్రమముగా నడుచుకొనువారికి బుద్ధి చెప్పుడి, ధైర్యము చెడినవారిని ధైర్యపరచుడి, బలహీనులకు ఊతనియ్యుడి, అందరి యెడల దీర్ఘశాంతముగలవారై యుండుడి” అన్నది ఆ వచనం. బుద్ధి చెప్పడం, ధైర్యపరచడం, ఊతనివ్వడం అనేవి ప్రోత్సాహమనే ఒకే భావానికి పర్యాయపదాలా? అక్రమముగా నడుచుకొనువారంటే నేరాలు చేసేవారా? పెద్దలు వివరించగలరు.

జవాబు:
అమ్మా, ఇవి పర్యాయపదాలు కావు. అపొస్తలుడైన పౌలు క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘానికి గ్రీకులో ఈ పత్రిక (లేఖ) రాసినప్పుడే ఒక్కొక్కరి స్థితికి ఒక్కొక్క క్రియను ఎంచుకున్నాడు. మన అనువాదకులు ఆ తేడాను చెరపకుండా తెలుగులోకి తెచ్చారు.

మీ రెండవ ప్రశ్నను ముందుగా తీసుకుంటాను. గ్రీకు మూలంలోని మాటకు వరుస తప్పినవాడని, సైన్యంలో తన పంక్తిలో నిలవనివాడని అర్థం. క్రమం లేనిది అక్రమం కనుక వ్యుత్పత్తిని బట్టి తెలుగు మాట చక్కగానే సరిపోయింది. అయితే అక్రమ కట్టడాలు, అక్రమ ఇసుక రవాణా అని రోజూ పత్రికల్లో చదివే మనకు ఆ మాట వినగానే చట్టవిరుద్ధమనే అర్థమే తోస్తుంది. పౌలు మనసులోని మనిషి ఎవరో థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రిక 3:11లో అతని మాటల్లోనే ఉంది: “ఏ పనియు చేయక పరుల జోలికి పోవుచు” ఉన్నవాడు. భార్య నాట్లకు వెళ్లి తెచ్చిన కూలితో కడుపు నింపుకొని, పగలంతా కాలువ గట్టు మీద కూర్చుని ఊరివారి సంసారాలను తవ్వేవాడు మన పక్కన కూడా ఉంటాడు. అతనిని ఓదార్చడం అతనికి మేలు చేయదు, బుద్ధి చెప్పవలసిందే.

“ధైర్యము చెడినవారు” అన్న ప్రయోగం నాకు ఎంతో ఇష్టం. ధైర్యము లేనివారని అనలేదు, చెడినవారని అన్నారు. అంటే ఉండవలసిన ధైర్యం ఉండేదని, ఏదో దెబ్బకు పోయిందని అందులోనే ఉంది. కోసి పరచిన సార్వా పనలు వానకు తడిసి మొలకలెత్తితే, పంట పోయినా కౌలు కట్టక తప్పని రైతు ఉన్నాడు. పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి, ఇంటిపనికి కువైట్ వెళ్లి, ఫోనులో వారి గొంతు విని ఏడ్చే తల్లి ఉంది. ఇటువంటివారితో “నీ విశ్వాసం చాలలేదు” అనడమంటే మొదటివానికి రాసిన మందు రెండవవారికి పోయడమే. మన బోధల్లో ఈ పొరపాటు తరచుగా జరుగుతున్నదని నా అభిప్రాయం, దానికి నాకు బాధ కూడా ఉంది.

ఇక ఊత. గ్రీకు క్రియకు పట్టుకొని ఉండడం, వదలకుండా అంటిపెట్టుకోవడం అని అర్థం. ‘సహాయము చేయుడి’ అన్నా తప్పు కాదు, కానీ సహాయం ఒక్కసారి చేసి వెళ్లిపోవచ్చు. రావులపాలెం చుట్టుపక్కల అరటితోటల్లో గెల దిగిన చెట్టు బరువుకు ఒరగకుండా వెదురు గెడ ఆనిస్తారు. గెల కోతకు వచ్చేవరకు ఆ గెడ అక్కడే ఉంటుంది, గెలను మోసేది మాత్రం చెట్టే. ‘ఊత’ అన్న మాటలో ఈ రెండూ ఇమిడి ఉన్నాయి: ఆనుకోనివ్వడం, కదలకుండా నిలవడం. తాగుడు మాని సంఘంలోకి కొత్తగా వచ్చినవానికి ఒక మంచి ప్రసంగం చాలదు. సాయంకాలం పని వదిలే వేళకు తోడుగా నడిచి ఇంటిదాకా దిగబెట్టే మనిషి కావాలి, అదీ వారం రోజులు కాదు, నెలల తరబడి.

మరొక సభ్యుడు:
చక్కని వివరణ. అయితే ఇదంతా సంఘకాపరి పని కదా?

జవాబు:
వచనం మొదటి మాట చూడండి: “సహోదరులారా”. సంఘానికి పైవారిగా ఉండి ప్రయాసపడేవారి ప్రస్తావన 12, 13 వచనాల్లో వేరుగా వచ్చింది. 14లోని ఆజ్ఞలు సంఘమంతటికీ చెందినవి. ఈ సీమకు ఇది కొత్త సంగతి కూడా కాదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త చెప్పిన విలియం బౌడెన్, జార్జి బీర్ బ్రెదరెన్ సమాజానికి చెందినవారు. గురుదీక్ష పొందిన ప్రత్యేక వర్గం లేకుండా సహోదరులే ఒకరినొకరు హెచ్చరించుకోవడం ఆ సమాజపు పద్ధతి. అయ్యగారు వచనాన్ని విప్పి చెప్పగలరు గాని, పొరుగింటి తలుపు ప్రతిరోజూ తట్టగలిగేది పొరుగువారే.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:
కృతజ్ఞతలు. మా సండే స్కూలు పిల్లలు ఈ మాటను “ఊతని, అయ్యుడి” అని విరిచి చదువుతున్నారు. ఎలా సరిదిద్దాలి?

జవాబు:
ఊతను + ఇయ్యుడి అని పలక మీద విడదీసి చూపండి. ‘ఇయ్యుడి’ అంటే ఇవ్వండి. ముందు ‘ఊతను ఇవ్వండి’ అని నాలుగుసార్లు అనిపించి, ఆ తరువాత వచనం చదివించండి. ‘ని’ దగ్గర ఆగకుండా ఒక్క ఊపిరిలో వస్తుంది.