అప్‌డేట్: చిటికెన వేలి నొప్పి, లేఅవుట్ మార్పు

కంట్రోల్, షిఫ్ట్ నొక్కీ నొక్కీ ఎడమ చిటికెన వేలు లాగేస్తోందని, కీబోర్డులో అక్షరాలు వేరే వరసలో ఉండే డ్వోరాక్ లేఅవుట్‌కి మారాలా అని రెండు నెలల క్రితం అడిగాను. "అక్షరాల సంగతి తర్వాత, ముందు మాడిఫయర్లు (కంట్రోల్, షిఫ్ట్ లాంటి కీలు) కదపండి" అన్నారు మీలో చాలామంది. అదే చేశాను, చాలా మేలైంది.

మొదట కంట్రోల్‌ని హోమ్ రోలోనే (వేళ్లు ఆనించే మధ్య వరస) పెట్టాను: 'ఏ' కీ నొక్కితే అక్షరం, నొక్కి పట్టుకుంటే కంట్రోల్. క్యూఎంకేలో (కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ట్యాపింగ్ టర్మ్, అంటే నొక్కడమా పట్టుకోవడమా అని తేల్చే గడువు, మామూలుగా 200 మిల్లీసెకన్లు. నా వేలు కీ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతుంది కాబట్టి అక్షరాలు మాయమై షార్ట్‌కట్లు పడేవి. 250కి పెంచితే తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చివరికి కంట్రోల్‌ని స్పేస్ పక్కనున్న ఆల్ట్ స్థానానికి తెచ్చాను. బొటనవేలికి అది బరువే కాదు. క్యాప్స్ లాక్ ఇప్పుడు బ్యాక్‌స్పేస్.

అక్షరాలకి డ్వోరాక్ వదిలి కోల్‌మాక్ అనే ఇంకో లేఅవుట్ ఎంచుకున్నాను. మామూలు క్వర్టీ లేఅవుట్ నుంచి మారేవి 17 కీలే. జడ్, ఎక్స్, సీ, వీ కదలవు, కాపీ పేస్ట్ అలవాటు చెడదు. మొదటి మూడు వారాలు నరకం, నిజంగా. వేగం ఇంకా పాత స్థాయికి రాలేదు.

సాయంత్రానికి వేలు లాగడం దాదాపు పోయింది. కోల్‌మాక్‌లో కుడి చిటికెన వేలికి 'ఓ' కీ వచ్చిపడింది, దాన్ని గమనిస్తున్నాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.