హరివిల్లు ఎక్కాడా, జాడ తీశాడా?

పాతపుస్తకం: ఒక పాదం నస పెడుతోంది. స్కాట్లండ్ పాదిరి జార్జ్ మాథిసన్ రాసిన భక్తిగీతం 'ఓ లవ్ దట్ విల్ట్ నాట్ లెట్ మీ గో' మూడో చరణం. వానలో హరివిల్లుని 'ట్రేస్' చేశాడా, 'క్లైంబ్' చేశాడా? రెండూ చదివిన గుర్తు.

బేస్‌గొంతు: ట్రేసేనండీ. సెయింట్ మార్గరెట్ ట్యూన్‌లో మా కోయిర్ ఎప్పుడూ పాడేది అదే.

ఛందోపిచ్చి: మీ కోయిర్ పాడేది దిద్దిన పాఠం. ఆయన రాసింది క్లైంబ్. స్కాట్లండ్ చర్చి హిమ్నల్ (కీర్తనల పుస్తకం) కమిటీ పట్టుబట్టి మార్పించింది. రెండూ ఏకాక్షరాలే, పాదం ఎక్కడా కుంటదు. గొడవంతా అర్థంతోనే.

సింగిడి: బైబిల్లో ఆదికాండం తొమ్మిదో అధ్యాయంలో ధనుస్సు, అంటే హరివిల్లు, దేవుడి నిబంధనకు గుర్తు కదా. దాన్నే ఎక్కేస్తానంటే పెద్దలకు మింగుడు పడలేదేమో.

పాతపుస్తకం: మరి అదే ఆదికాండంలో యాకోబు కలగన్న నిచ్చెన మీద దేవదూతలు ఎక్కి దిగలేదా?

బేస్‌గొంతు: చూపు పోతోందని పెళ్ళి తప్పిపోతే రాసిన పాట. అంత బాధలో మాట తూచి రాస్తాడా?

ఛందోపిచ్చి: మళ్ళీ ఆ కథేనా మాస్టారూ! పాట పుట్టింది 1882 జూన్ 6 సాయంత్రం, స్కాట్లండ్‌లోని ఇన్నెలన్ ఊళ్ళో, పాదిరి బంగళాలో. అప్పటికాయనకు నలభై ఏళ్ళు, చూపు పోయి దాదాపు ఇరవై ఏళ్ళు. తనకొక్కడికే తెలిసిన బాధ అన్నాడు, అదేమిటో చెప్పలేదు. అయిదు నిమిషాల్లో వచ్చేసిందనీ, తన చేత్తో ఒక్క దిద్దుబాటూ చేయలేదనీ అన్నాడు. ఆ 'తన చేత్తో' చూడండి, కమిటీకి చురకలా లేదూ?

సింగిడి: చూపు లేనివాడికి ట్రేసే నప్పుతుంది, వేలితో గీత వెంట పోవడం. తెలుగులో 'ఆనవాలు పట్టాను' అందాం.

పాతపుస్తకం: అందులో పోలీసు స్టేషన్ వాసనొస్తోంది. 'జాడ తీశాను' మేలు.

బేస్‌గొంతు: నాకైతే కృష్ణశాస్త్రి గుర్తొస్తాడు. గొంతు పోయాక కాగితం మీద రాసి మాట్లాడేవాడు, పాట మాత్రం ఆపలేదు.

ఛందోపిచ్చి: ఆయనైతే ఎక్కడమూ లేదు, జాడ తీయడమూ లేదు. హరివిల్లే దిగొచ్చి భుజాన వాలేది.

సింగిడి: మిల్టన్ని వదిలేశారేం? చూపు పోయాక 'పారడైజ్ లాస్ట్' మొత్తం చెప్పి రాయించాడు!

పాతపుస్తకం: మిల్టన్ తర్వాత. ఈ పాట మొదట 'లైఫ్ అండ్ వర్క్' పత్రికలో, 1883లో అచ్చయింది. ఆ సంచిక స్కాన్ ఉంటే ఎవరైనా పెట్టండి.

బేస్‌గొంతు: పెట్టండి, చూస్తాం. ఆదివారం మాత్రం మేం ట్రేసే పాడతాం.