అప్‌డేట్: ఉచే ఒకెకె గీత ఎక్కడిదో తేలింది

నైజీరియా చిత్రకారుడు ఉచే ఒకెకె 1962లో వేసిన 'ఓజా' బొమ్మల్లో సుడి తిరిగే ఆ సన్నగీత ఎక్కడిదని అడిగాను కదా. అది 'ఊలి' అనే సంప్రదాయ కళలోది అన్నవాళ్ల మాటే నిజం, చాలా థ్యాంక్స్ అండీ. కళాచరిత్ర చెప్పే మేడమ్‌కి చూపిస్తే ఆవిడా అదే అన్నారు. నైజీరియాలోని ఇగ్బో జాతి ఆడవాళ్లు ఒంటిమీద, గోడలమీద వేస్తూ వచ్చిన గీతలవి. ఒకెకె వాటిని తన తల్లి దగ్గర నేర్చుకున్నారు. గీత చివర చిన్న చుట్టగా ఎలా ముడుచుకుంటుందో, చుట్టూ ఎంత ఖాళీ వదిలారో చూడమన్నారు మేడమ్. చూశాక ఇక అనుమానం లేదు. అప్పుడు పికాసోతో నేను పెట్టిన పోలికలు ఇక్కడ పనికిరాలేదు. పనికొచ్చింది నైజీరియాలో ఒకెకె బొమ్మలు నేర్చుకున్న జరియా కాలేజీ కథ: 1958లో ఒకెకె, డెమాస్ న్వోకో లాంటి విద్యార్థులు అక్కడ సంఘం పెట్టుకున్నారు. కాలేజీలో నేర్పిన యూరప్ కళాపాఠాన్ని వదలకుండానే సొంత సంప్రదాయాన్ని అందులో కలిపే ఆ దారికి, నైజీరియాకి స్వాతంత్ర్యం వచ్చిన 1960లోనే, ఒకెకె 'సహజ సమ్మేళనం' అని పేరు పెట్టారు.