బాపు ఆరు నెలలు ఇంగ్లండ్ వస్తున్నాడు, పాత రైలు డబ్బాల వర్క్‌షాప్‌లో పని చేయనిస్తారా?

రైల్‌కాలనీ బిడ్డ

అందరికీ నమస్తే. మాది కాజీపేట. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాను, దక్షిణం వైపు ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. మా బాపు రైల్వేలో సీ అండ్ డబ్ల్యూ (క్యారేజ్ అండ్ వ్యాగన్) ఫిట్టర్. సర్వీసంతా దాదాపు సిక్ లైన్‌లోనే, అంటే పాడైన డబ్బాలను రిపేరు చేసే చోటే, గడిపి రిటైరయ్యాడు. వచ్చే నెల అమ్మతో కలిసి విజిటర్ వీసా మీద వస్తున్నాడు, ఆరు నెలలు ఉంటారు.

పోయినసారి వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న రిపేర్లన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. నల్లా వాషర్లు, తలుపుల కీళ్లు, చివరికి పక్కింటి ముసలాయన గేటు కూడా. ఆ తర్వాత ఇక చేతికి పని లేదు. అమ్మకు సీరియళ్లున్నాయి, మనవడున్నాడు. ఈయన మాత్రం కిటికీ దగ్గర నిలబడి వాన ఎప్పుడు తగ్గుతుందా అని చూసేవాడు.

మా ఇంటికి దగ్గరలోనే ఒక హెరిటేజ్ రైల్వే ఉంది, ఆవిరి ఇంజిన్లు, పాత చెక్క డబ్బాలు. ఒకరోజు తీసుకెళ్లాం. అందరూ ఇంజిన్ ముందు ఫోటోలు దిగుతుంటే ఈయన ప్లాట్‌ఫాం అంచున వంగి డబ్బా కిందికి చూస్తున్నాడు. "ఇంకా వాక్యూమ్ బ్రేకే! సిలిండర్ చూడు, ఎంత మంచిగ పెట్టుకున్నరో" అన్నాడు. వర్క్‌షాప్‌ను అద్దాల వెనక నుంచి చూడనిస్తారు. లోపల తనంత వయసు వాళ్లు చెక్క గీకుతూ, వార్నిష్ వేస్తూ కనబడ్డారు. వాళ్లలో చాలామందికి జీతం లేదు, ఇష్టంతో వస్తారని చెప్తే నమ్మలేదు. ఇప్పుడు టికెట్లు బుక్ అయిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ అదే అడుగుతున్నాడు, "ఆ షెడ్డు వాళ్లను కనుక్కున్నవా?" అని.

నా డౌట్లు ఏంటంటే, విజిటర్ వీసా మీద ఇలాంటి పని చేయొచ్చా? ఆయనకు వచ్చింది రైల్వే ఇంగ్లీషు మాత్రమే, సరిపోతుందా? వయసు 67, బీపీ ట్యాబ్లెట్ వేసుకుంటాడు. పైగా ఆయనది ఇనుము పని, అక్కడ చూస్తే అంతా చెక్క పని. మా అన్న వేరే గొడవ పెడుతున్నాడు: "జీవితమంతా గ్రీజులో దొర్లింది చాలదా, అక్కడికి పోయి తెల్లోళ్లకు ఫ్రీగా చాకిరీ చేయాల్నా?" అని. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

శనివారం వడ్రంగి

చెల్లె, మాది హన్మకొండ. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను, శనివారం మాత్రం ఇలాంటి ఒక వర్క్‌షాప్‌లో ఉంటాను. మీ బాపు లాంటి మనిషి వస్తానంటే మా దగ్గర ఎగిరి గంతేస్తారు.

ముందు వీసా సంగతి, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. విజిటర్ వీసా మీద జీతం లేని పని కూడా పనే అంటారు. ఒక్క మినహాయింపు ఉంది: రిజిస్టరైన ఛారిటీలో వాలంటీరుగా మొత్తం 30 రోజుల దాకా చేయొచ్చు. వారానికి ఒక్క రోజు వెళ్తే ఆరు నెలలకు 26 రోజులు, లెక్కలోనే ఉంటారు. కానీ చాలా హెరిటేజ్ రైల్వేల్లో రైళ్లు నడిపే కంపెనీ వేరు, డబ్బాలను కాపాడే ట్రస్టు వేరు. ట్రస్టుకు ఛారిటీ నంబరు ఉందా, బాపు పేరు దాని కిందే రాసుకుంటారా అని ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకో. వెళ్లిన రోజులు ఒక డైరీలో రాసి పెట్టు. జీతం ఇచ్చే ఉద్యోగి డ్యూటీ లాంటిది ఏదైనా ఒప్పజెబితే వద్దనండి.

ఇక పని. ఈ దేశంలో ఈ పిచ్చి ఇప్పటిది కాదు. వేల్స్‌లో టాలిలిన్ అనే చిన్న లైన్‌ను 1951లో వాలంటీర్లు తీసుకుని నడిపారు, ప్రపంచంలో మొదటిది అదే. 1960లో ససెక్స్‌లో బ్లూబెల్ రైల్వే మొదలైంది. ఆ తర్వాత, నష్టాల్లో ఉన్న లైన్లు మూసేయమన్న బీచింగ్ రిపోర్టు వచ్చి ఊరూరా లైన్లు మూసేస్తుంటే, జనం ఎక్కడికక్కడ సంఘాలు పెట్టుకుని ముక్కలు ముక్కలుగా కాపాడుకున్నారు.

డబ్బాలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే మీ బాపుకు తమాషాగా ఉంటుంది. పాతబడ్డ చెక్క డబ్బాలను అప్పటి రైల్వే కంపెనీలు చక్రాలు ఊడదీసి పైభాగాన్ని అమ్మేసేవి. కొన్నవాళ్లు తోటలో గది చేసుకున్నారు, కోళ్ల గూడు చేసుకున్నారు, కొందరు ఏకంగా కాపురమే పెట్టారు. ఇప్పుడు మా షెడ్డులో ఉన్నది అట్లాంటిదే, 1880ల నాటిది. లోపల గోడకు అంటించిన పూల వాల్‌పేపర్ తీస్తే దాని వెనక కంపార్ట్‌మెంట్ అడ్డగోడ బిగించిన గుర్తులు దొరికాయి. సీటు ఎంత ఎత్తులో ఉండేదో, సామాన్ల వల ఎక్కడ కట్టేవారో ఆ బెజ్జాలను బట్టే తేల్చారు. బయట ఒక మూల పెయింట్‌ను తడిపిన గరుకు కాగితంతో మెల్లగా రుద్దుకుంటూ పోతే రంగులు పొరలు పొరలుగా బయటపడతాయి, అట్టడుగున కంపెనీ వేసిన అసలు రంగు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

చెక్క పనిలో ఓపిక ఎక్కువ కావాలి. ఫ్రేము టేకుదైతే నూరేళ్లు దాటినా మధ్యభాగం గట్టిగానే ఉంటుంది, నీళ్లు దిగే కింది అంచులే పుచ్చుతాయి. పుచ్చిన మేర మాత్రమే కోసి కొత్త ముక్క అతుకుతారు. ఇత్తడి స్క్రూ ఒక్కటి విప్పాలన్నా ముందు దాని గాడిలో పేరుకున్న పెయింట్‌ను సూదిమొనతో గీకి తీయాలి, లేకపోతే తల అరిగిపోతుంది. పైకప్పుకు సన్నని పలకలు బిగించి, వాటి మీద మందంగా పెయింట్ పూసి, తడిగా ఉండగానే కాన్వాస్ గుడ్డ పరిచి నలువైపులా లాగి మేకులు కొడతారు.

మీ బాపును మాత్రం పైన ఉండనివ్వరు, నేరుగా కిందికి పంపిస్తారు. ఇలాంటి పాత డబ్బాకు చక్రాలుండవు కదా. వేరే పాత పార్సిల్ వ్యాన్ అండర్‌ఫ్రేమ్ (కింది ఇనుప చట్రం) తెచ్చి, డబ్బా కొలతకు కోసి అతికించి, దాని మీద కూర్చోబెడతారు. బ్రేక్ రిగ్గింగ్, వాక్యూమ్ సిలిండర్, యాక్సిల్ బాక్సులు, స్క్రూ కప్లింగ్ అన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. మా షెడ్డులో నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు, రిటైర్డ్ టీచర్లున్నారు, ఒక పళ్ల డాక్టరు కూడా ఉన్నాడు (ఆయన వార్నిష్ పని చూడాలి!). ఉద్యోగంగా డబ్బా కింద పడుకుని పనిచేసిన మనిషి మాత్రం ఇప్పుడు దొరకడం లేదు.

ఆయనకు ముందే చెప్పాల్సింది ఒక్కటే, వేగం. సిక్ లైన్‌లో డబ్బా ఎప్పుడు ఫిట్ ఇస్తారా అని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. పాడైంది తీసి కొత్తది వేసి పంపించాలి. ఇక్కడ ఒక్క డబ్బాకు ఏళ్లు పడుతుంది, ఎవరూ తొందర పెట్టరు. పాత భాగాన్ని పారేయాలంటే నలుగురు నిలబడి చర్చ పెడతారు. అలవాటున్నవాళ్లకు మొదట్లో చిరాకు రావచ్చు.

ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. బఫర్, డ్రాబార్, హోస్ పైప్, స్ప్లిట్ పిన్, ఇవన్నీ మీ బాపు నలభై ఏళ్లుగా మాట్లాడిన ఇంగ్లీషే. మొదటి రోజు సేఫ్టీ గురించి చెప్తారు కదా, ఆ ఒక్క రోజు నువ్వు పక్కన ఉండు. బీపీ సంగతి ఫారంలో దాచకుండా రాయి. పాత పెయింట్‌లో సీసం ఉంటుంది, మాస్కు లేకుండా, పొడిగా రుద్దొద్దు. టీకి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇక్కడ టీ అంటే టైముకు గంట కొట్టినట్టే, మరి మన టీ కాదు, అది ఆయన తట్టుకోవాలి.

అన్నకు చెప్పు, ఇక్కడ ఎవరూ ఎవరికీ చాకిరీ చేయడం లేదు. నా పక్కన చెక్క గీకే ఆయన ఒకప్పుడు పెద్ద కంపెనీ మేనేజరు.

లాలాగూడ పెద్దమనిషి

అమ్మా, నేను లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో చేసి రిటైరైనవాణ్ణి. నిజాం రైల్వే కాలంలో, 1893లో పెట్టిన వర్క్‌షాప్ అది. మీ నాన్న సంగతి చదివి రాయకుండా ఉండలేకపోయాను.

పైన ఆయన చెప్పినట్టు మనకూ చెక్క డబ్బాలుండేవి. పెరంబూర్‌లో 1955లో ఐసీఎఫ్ (ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) మొదలై పూర్తి ఉక్కు కోచ్‌లు వచ్చేసరికి అవి క్రమంగా పక్కకు పోయాయి. థర్డ్ క్లాస్‌ను 1974లో తీసేసినా బల్లలు మాత్రం ఉత్త చెక్క బద్దలే. మధు దండవతే గారు రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు వాటికి మెత్తలు వచ్చాయి. ఈ మార్పులన్నీ మా చేతుల మీదుగా జరిగినా, ఒక్కటంటే ఒక్క పాత బల్ల దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. ఐసీఎఫ్ కోచ్‌కు 25 ఏళ్లు ఆయుష్షు అని రాసి ఉంటుంది, అది నిండితే కండెమ్ చేసి తుక్కు వేలానికి పంపడమే.

మీ నాన్నగారికి నా మాటగా ఒకటి చెప్పు. వాక్యూమ్ సిలిండర్ విప్పినప్పుడు రోలింగ్ రింగ్, అదే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు, మెలి పడిందేమో ముందు చూడమను. మెలి పడితే పిస్టన్ పట్టేసి, బ్రేక్ వదలకుండా చక్రాన్ని పట్టుకునే ఉంటుంది, దాన్నే బ్రేక్ బైండింగ్ అంటాం. అక్కడి కుర్రవాళ్లు పుస్తకంలో చదివి ఉంటారు గానీ, రింగును వేళ్లతో తిప్పి చూసి చెప్పడం అనుభవం మీద వచ్చేది. అలాగే చక్రం మీద సుత్తితో కొట్టి వినడం. పాత చక్రాలకు టైరు విడిగా బిగించి ఉంటుంది. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వదులైనా పగులున్నా మొద్దుగా పలుకుతుంది. యాక్సిల్ బాక్సులు ప్లెయిన్ బేరింగ్‌వి కాబట్టి నూనె ప్యాడ్ ఎండితే హాట్ యాక్సిల్, అంటే యాక్సిల్ కాలిపోయేంత వేడెక్కడం, తప్పదు. ప్రయాణం అయ్యాక ప్రతి బాక్సు మీద అరచెయ్యి పెట్టి చూసే అలవాటు ఆయనకు ఉండే ఉంటుంది.

బొగ్గుబండి

అంతా బాగానే ఉంది కానీ, ఈ సేవేదో కాజీపేటలో చేస్తే ఏం పోయింది? 1982లో మనకు అనుకున్న కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. దాని కోసం ఎన్నేళ్లు కొట్లాడితే 2023 జులైలో కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది! కాజీపేట జంక్షన్‌లో ఒక్క పాత డబ్బా అయినా జనం చూడటానికి ఉందా? ఉన్న పాత కోచ్‌లను హోటళ్లు చేస్తున్నారు, కాచిగూడ స్టేషన్ దగ్గర చూడండి.

శనివారం వడ్రంగి

బొగ్గుబండి అన్నా, నీ కోపంలో న్యాయముంది. కానీ తేడా చూడు. ఢిల్లీ రైల్ మ్యూజియంలో 1899 నాటి మైసూరు మహారాజా సెలూన్ (ఆయన ప్రయాణించే ప్రత్యేక డబ్బా) ఉంది, హర్యానాలోని రేవాడి షెడ్డులో ఆవిరి ఇంజిన్లు బతికున్నాయి. అవన్నీ రైల్వే తన ఉద్యోగులతో చేయించినవి. శని, ఆదివారాల్లో బయటివాళ్లు వచ్చి పానా పట్టుకునే వీలు మన పద్ధతిలో లేదు. హోటల్ చేస్తే నాకేం బాధ లేదు, కనీసం తుక్కులో పోకుండా డబ్బా మిగిలింది. రాజుల సెలూన్లను ఎవరైనా దాస్తారు. మనం ఎక్కి తిరిగిన చెక్కబల్లల పెట్టెను ఎవరూ దాచలేదు, నా బాధ అది. కాజీపేట, లాలాగూడ రిటైర్డ్ వాళ్లు ఇంకా ఉండగానే, ఏ భాగం ఎలా విప్పేవారో వాళ్లతో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసినా చాలు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

రైల్‌కాలనీ బిడ్డ

అందరికీ చాలా థ్యాంక్స్. ట్రస్టుకు మెయిల్ పెట్టాను, ఛారిటీ నంబరు ఇచ్చారు. బుధవారాలు రమ్మన్నారు, మొదటి రోజు నన్నూ ఉండనిస్తారట.

బాపుకు ఇవన్నీ ఫోన్‌లో చదివి వినిపించాను. రోలింగ్ రింగ్ దగ్గర ఆపి, "ఆ పెద్దమనిషి ఏ సెక్షన్‌ల చేసిండో అడుగు" అన్నాడు. అన్న కూడా లైన్‌లో ఉన్నాడు, ఏమీ అనలేదు. తర్వాత విడిగా ఫోన్ చేసి ఇన్సూరెన్స్ ఉంటుందా అని అడిగాడు, అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఒక ఇబ్బంది వచ్చింది. తన సుత్తి, రెండు పానాలు తెచ్చుకుంటానంటున్నాడు. అమ్మ చూస్తే ఆవకాయ, కారప్పొడులు, సకినాలకే బరువు చాలదంటోంది. అక్కడ పనిముట్లు ఇస్తారా?

శనివారం వడ్రంగి

అన్నీ ఇస్తారు. సకినాలనే రానివ్వు, టీ టైముకు వర్క్‌షాప్‌లో పంచితే మీ బాపుకు ఇక తిరుగుండదు. సుత్తి తప్పదంటే చెక్‌ఇన్ బ్యాగులో వేయమను, చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఇన్సూరెన్స్ సాధారణంగా సభ్యత్వంతో పాటు వస్తుంది, విజిటర్‌కు కూడా వర్తిస్తుందా అని ఆ మెయిల్‌లోనే అడుగు. కళ్లద్దాలు రెండో జత తెచ్చుకోవాలి, డబ్బా కింద చీకటిగా ఉంటుంది. బూట్లు మాత్రం వేళ్ల దగ్గర ఇనుప రేకు ఉన్నవే కావాలి. కొత్తవి కొనకు, ఆయన సైజు చెప్పు, మా షెడ్డులో ఎవరివైనా స్పేర్ ఉంటే పంపిస్తాను.