‘లీవ్’కు తెలుగేది: విడిపోవడమా, వైదొలగడమా, బయటికి రావడమా?

సుజాత:
2016 జూన్ 23న బ్రిటన్ ఓటర్ల చేతికిచ్చిన బ్యాలెట్ కాగితం మీద ప్రశ్న ఒక్కటే, యూరోపియన్ యూనియన్ అనే ఐరోపా దేశాల సంఘంలో తమ దేశ సభ్యత్వం గురించి. ఇంగ్లిషులో పదహారు మాటలు. అందులో రెండు క్రియల చుట్టూనే ఆ దేశం ఏళ్ల తరబడి తగవులాడుకుంది: రిమెయిన్, లీవ్. వేల్స్‌లో అదే కాగితం మీద వెల్ష్ భాషలోనూ ప్రశ్న అచ్చయింది.

తెలుగు వార్తలు, వ్యాసాలు తిరగేస్తే ‘లీవ్’కు నిష్క్రమణ, వైదొలగడం, విడిపోవడం, తెగతెంపులు, బయటికి రావడం, వెళ్లిపోవడం అని ఆరు మాటలు కనిపిస్తాయి. ఒక్కో మాటా ఒక్కో వైపు మొగ్గుతోంది. లీవ్‌కు 51.9 శాతం, రిమెయిన్‌కు 48.1 శాతం ఓట్లు పడ్డాయి కదా, ఇరుపక్షాలవాళ్లూ చదివి ‘మమ్మల్ని అడిగింది ఇదే’ అని ఒప్పుకునేలా ఆ ప్రశ్నను తెలుగులో రాయాలి. నా ముసాయిదా ఇది, తప్పులు చెప్పండి:

‘యునైటెడ్ కింగ్‌డమ్ ఐరోపా సమాఖ్యలో ఉండిపోవాలా, లేక సమాఖ్య నుంచి విడిపోవాలా?’

రమణ:
సుజాత గారూ, రెండు క్రియలకూ ‘పోవు’ తగిలించారు. చిక్కంతా అక్కడే ఉంది.

‘ఊళ్లోనే ఉన్నాడు’ అంటే సమాచారం. ‘ఊళ్లోనే ఉండిపోయాడు’ అంటే వెళ్లాల్సినవాడు వెళ్లలేకపోయాడని జాలి. ఆగిపోవు, మిగిలిపోవు, ఉండిపోవు, అన్నిటిలోనూ మన చేతిలో లేనిదేదో జరిగిందన్న ఛాయ ఉంటుంది. ‘సమాఖ్యలో ఉండిపోవాలా?’ అని అడిగితే సగం జవాబు మీరే చెప్పినట్టు. రిమెయిన్ అన్నవాళ్లు చేతగాక ఆగినవాళ్లు కారు, ఉండటమే మేలని కోరి ఓటేసినవాళ్లు. అక్కడ ‘కొనసాగాలా’ సరిపోతుంది.

ఇక విడిపోవడం. అన్నదమ్ములు విడిపోతే ఉమ్మడి కుటుంబం ఉండదు. చెకొస్లొవేకియా 1993లో రెండుగా విడిపోయింది, ఆ పేరుతో దేశమే లేకుండా పోయింది. సోవియట్ యూనియన్‌కూ 1991లో ఆ మాటే సరి. బ్రిటన్ సంగతి అది కాదు. ఒక సభ్యుడు తప్పుకున్నాడు, మిగతా 27 దేశాలు అదే పేరుతో, అవే ఒప్పందాలతో, అదే న్యాయస్థానంతో ఉన్నాయి. కాబట్టి ‘వైదొలగడం’. తొలగు అంటే పక్కకు జరుగు, దారి ఇవ్వు. పోటీ నుంచి వైదొలగాడు, ఒప్పందం నుంచి వైదొలగింది అని రోజూ రాస్తూనే ఉన్నాం. సభ్యదేశం నోటీసు ఇచ్చి తప్పుకునే పద్ధతి చెప్పే లిస్బన్ ఒప్పందం 50వ అధికరణంలో ఉన్న క్రియ కూడా లీవ్ కాదు, విత్‌డ్రా. దానికి వైదొలగు అచ్చంగా అతుకుతుంది.

ఇక్బాల్:
50వ అధికరణానికి అతుకుతుంది, ఒప్పుకుంటాను. బ్యాలెట్ కాగితానికి మాత్రం కాదు. లీవ్ అనేది ఇంగ్లిషులో బడికెళ్లే పిల్లవాడి మాట. వైదొలగు పత్రికల మాట, ఇంట్లో ఎవరూ అనరు. ఒప్పందంలో విత్‌డ్రా, కాగితం మీద లీవ్ అని అక్కడ రెండు వేర్వేరు మాటలు వాడినప్పుడు మనం రెంటికీ ఒకటే పెడితే ఆ తేడా పోతుంది. ‘బయటికి రావాలా?’ అంటే పెద్ద చదువు లేనివారికీ తెలుస్తుంది.

పద్మావతి:
ఇక్బాల్ గారూ, ‘బయటికి రావాలా’ అన్నారు, ‘బయటికి పోవాలా’ అనలేదు. ఎందుకని?

తెలుగులో వచ్చు, పోవు రెండూ మాట్లాడేవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పేస్తాయి. ‘బ్రిటన్ బయటికి వచ్చింది’ అన్నవాడు గుమ్మం అవతల, ఆరుబయట నిలబడి, వచ్చినవాణ్ణి చూస్తున్నాడు. ‘బయటికి పోయింది’ అన్నవాడు గది లోపల కూర్చుని వెళ్లినవాడి వీపు చూస్తున్నాడు. మొదటిది లీవ్ పక్షం చూపు, రెండోది యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ చూపు. పైగా ‘ఉద్యోగం వదిలి బయటికి వచ్చేశాడు’ అనడంలో కాస్త ధైర్యం వినిపిస్తుంది, ‘పోయాడు’ అనడంలో నష్టం వినిపిస్తుంది. ఇంగ్లిషు లీవ్‌కు ఈ దిక్కు లేదు. అందుకే ఓటు ప్రశ్నలో రెండూ వద్దు. దిక్కు లేని క్రియ మనకు ఉన్నది వైదొలగు ఒక్కటే. కొంచెం బరువైనదే, కానీ ఎటూ మొగ్గదు. మాట తేలిక కావడం కన్నా పక్షం లేకపోవడం ముఖ్యం ఇక్కడ.

ఇక్బాల్:
ఈ రావడం, పోవడం కోణం నాకు తట్టలేదు. ప్రశ్న వరకు వెనక్కి తగ్గుతున్నాను. వివరణ రాసేటప్పుడు మాత్రం ‘అంటే సభ్యత్వం వదులుకోవడం’ అని పక్కనే ఒక మాట ఉండాలి.

కిరణ్:
ప్రశ్న ఆకారం గురించి కూడా చూడాలి. మొదట ఈ ఓటింగు కోసం పార్లమెంటుకు తెచ్చిన బిల్లులో పెట్టిన ప్రశ్న ‘సభ్యదేశంగా కొనసాగాలా?’ అన్నంతవరకే. జవాబు యెస్ లేదా నో. ఉన్న స్థితినే ప్రశ్నలో చెప్పి దానికి యెస్ అనమనడం ఒక పక్షానికి కలిసొస్తుందని 2015 సెప్టెంబరులో అక్కడి ఎన్నికల కమిషన్ అభ్యంతరం చెప్పింది, ప్రభుత్వం మార్చింది. యూనియన్‌కు ముందు రూపమైన యూరోపియన్ కమ్యూనిటీలో కొనసాగడం మీద జరిగిన 1975 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో యెస్, నోలే ఉన్నాయి. అప్పుడు 67 శాతం యెస్ అన్నారు.

పద్మావతి:
తెలుగులో అయితే ఆ యెస్, నో ప్రశ్న ఇంకా పెద్ద తప్పయ్యేది కిరణ్ గారూ. ‘ఉండాలి’కి వ్యతిరేకం మనకు ఒకటి కాదు. ఉండకూడదు, ఉండొద్దు, ఉండక్కర్లేదు. మొదటిది నిషేధం, చివరిది ‘లేకపోయినా పర్లేదు’. ‘ఉండాలా?’ అన్న ప్రశ్న కింద ‘కాదు’ అన్న గడిలో ఇంటూ పెట్టినవాడు ఈ మూడింటిలో ఏది అన్నట్టు? అసలు ‘ఉండాలా?’కు ‘కాదు’ అని ఎవరూ జవాబివ్వరు, ‘వద్దు’ అంటారు. రెండు క్రియలూ పూర్తిగా రాసి, రెండు గడుల్లోనూ ఒకే అచ్చులో ‘కొనసాగాలి’, ‘వైదొలగాలి’ అని పెడితే ఈ గొడవ ఉండదు. రెండూ -ఆలితోనే ముగియాలి. ఒకటి ‘కొనసాగవచ్చు’ అనో మరొకటి ‘వైదొలగాల్సిందే’ అనో ఉంటే తూకం చెడుతుంది.

కిరణ్:
నాకు ఇంకా గుచ్చుకుంటున్నది క్రియలు కాదు, ‘సమాఖ్య’. మనం ఫెడరల్‌కు సమాఖ్య అంటాం. సమాఖ్య వ్యవస్థ, సమాఖ్య స్ఫూర్తి. యూరోపియన్ యూనియన్ ఒక ఫెడరల్ రాజ్యంగా మారుతోందన్నదే లీవ్ పక్షం ప్రధాన ఆరోపణ, కాదన్నది అవతలివారి జవాబు. ‘ఐరోపా సమాఖ్య’ అని పేరు పెట్టేస్తే ఆ ఆరోపణను పేరులోనే ఒప్పేసుకున్నట్టు. దానికి సొంత సైన్యం లేదు, పౌరుల మీద నేరుగా ఆదాయపు పన్ను వేయదు. పైగా సభ్యుడు నోటీసు ఇచ్చి తప్పుకునే హక్కు రాతపూర్వకంగా ఉంది. మన రాజ్యాంగంలో ఏ రాష్ట్రానికీ ఆ హక్కు లేదు. ‘కూటమి’ అంటే సరి.

ఇక్బాల్:
కూటమి మరీ పలచన. ఎన్నికల ముందు కట్టి తర్వాత విప్పేసేవాటిని కూటమి అంటాం. ఒక్క ఉదాహరణ. 2014 మే 1 నుంచి మన మామిడి పండ్లను, వాటితోపాటు వంకాయ, కాకర, పొట్ల, చామలను యూరోపియన్ యూనియన్ నిషేధించింది. సరుకులో పండు ఈగలు, ఇతర పురుగులు దొరకడం కారణం. నిర్ణయం బ్రస్సెల్స్‌ది. అప్పట్లో యూనియన్ దేశాల్లో మన మామిడిని ఎక్కువగా కొనేది బ్రిటన్. అక్కడి దుకాణదారులు మొత్తుకున్నా, పార్లమెంటు సభ్యులు అడిగినా లండన్ తనంతట తాను దాన్ని ఎత్తేయలేకపోయింది. 2015 మొదట్లో యూనియన్ ఎత్తేశాకే పండ్లు వెళ్లాయి. 28 దేశాల రేవుల్లో ఒకే రోజు అమలయ్యే ఆజ్ఞ ఇచ్చేదాన్ని కూటమి అనగలమా?

ఈ మామిడి సంగతినే ఇరుపక్షాలూ వాడుకోవచ్చు. ‘మన రేవు మీద మనకే అధికారం లేదు’ అని ఒకరు. ‘తనిఖీ ఒకచోట జరిగితే 28 దేశాలకూ చెల్లుతుంది, అదే లాభం’ అని మరొకరు.

రమణ:
సమాఖ్యకు బరువెక్కువ, కూటమికి తక్కువ. పేరు కాబట్టి ‘యూరోపియన్ యూనియన్’ అనే రాసేద్దాం, తర్వాత ఈయూ. రైతుబజారులో కూడా యూనియన్ అంటే తెలుసు. పేరును అనువదించినప్పుడల్లా ఒక తీర్పు కూడా అందులో చేరిపోతుంది.

మనకిది కొత్త కాదు. 2014 జూన్ 2 ఒకటే తేదీ, చట్టం ఒకటే, చట్టం పేరులో ఉన్నది ‘పునర్వ్యవస్థీకరణ’. తెలంగాణలో అది రాష్ట్ర ఆవిర్భావం, ఆంధ్రలో రాష్ట్ర విభజన. రెండు మాటలూ వాడేవారికి నిజమే.

సుజాత:
చాలా నేర్చుకున్నాను. ఇంకో మాట అడుగుతాను. రెఫరెండంకు ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నాం. ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు కలెక్టరు ఊళ్లో పెట్టించే సభకూ ఇదే పేరు. అక్కడ అభిప్రాయం వింటారు, కట్టుబడరు. బ్రిటన్‌లో ఓటింగు అలాంటిదేనా?

కిరణ్:
చట్టం ప్రకారం అలాంటిదే. ఈ ఓటింగుకు ఆధారమైన 2015 చట్టంలో ఫలితాన్ని అమలు చేసి తీరాలన్న నిబంధన లేదు. 2011లో ఓటింగు పద్ధతి మార్పు మీద పెట్టిన రెఫరెండం చట్టంలో మాత్రం ఉంది. ఆ తేడా కోర్టులోనూ లెక్కకొచ్చింది. పార్లమెంటు చట్టం చేయకుండా ప్రభుత్వం తనంతట తాను 50వ అధికరణం కింద నోటీసు ఇవ్వకూడదని 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8–3తో చెప్పింది. అయితే ఫలితాన్ని అమలు చేస్తామని ప్రభుత్వం ఓటింగుకు ముందే ఇంటింటికీ పంచిన కరపత్రంలో రాసింది. అందువల్ల లీవ్ పక్షానికి అది అభిప్రాయం కాదు, ఆజ్ఞ.

పద్మావతి:
‘జనవాక్యం కర్తవ్యం’ అన్న మాట ఉండనే ఉంది. జనవాక్యం అంటే ఆజ్ఞ, అభిప్రాయం అంటే సలహా. ఆ తగవు మొత్తం ఈ రెండు మాటల మధ్యే. చట్టం గురించి రాసేటప్పుడు ‘ప్రజాభిప్రాయ సేకరణ’ ఖచ్చితమైన మాట, మార్చనక్కర్లేదు.

రమణ:
వాడుకలో తరచూ దొర్లే మూడు తప్పులు కూడా ఇక్కడే పెడుతున్నాను.

కాలం తప్పు. 2017 మార్చి 29న నోటీసు ఇచ్చిన మర్నాటి నుంచే ‘వైదొలగిన బ్రిటన్’ అని రాసేశారు. నోటీసు ఇవ్వడం వైదొలగడం కాదు. రెండేళ్ల గడువు ఉంది, మిగతా 27 దేశాలూ ఒప్పుకుంటే పొడిగించుకోవచ్చు, నోటీసును బ్రిటన్ తనంతట తానే వెనక్కి తీసుకోవచ్చని కూడా 2018 డిసెంబరులో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. అప్పటి ప్రధాని థెరెసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019 జనవరి 15న 432–202తో, ఆ తర్వాత మార్చిలో రెండుసార్లు పార్లమెంటు తిప్పికొట్టడంతో గడువు జరుగుతూ పోయింది. 2019 మేలో బ్రిటన్ ఓటర్లు యూరోపియన్ పార్లమెంటుకు సభ్యుల్ని ఎన్నుకున్నారు కూడా. ఆ మూడేళ్ల గురించి ‘వైదొలగనున్న’ అని రాయాలి.

బిల్లు తప్పు. ఇంగ్లిషు పత్రికల ‘డివోర్స్ బిల్’ను ‘విడాకుల బిల్లు’ అంటే తెలుగు పాఠకుడు పార్లమెంటులో పెట్టిన బిల్లు అనుకుంటాడు. సంగతి ఏమిటంటే, సభ్యదేశంగా ఉన్నప్పుడు ఒప్పుకున్న ఖర్చులు, పింఛన్లలో బ్రిటన్ వాటా. ‘బాకీల లెక్క’ అంటే చాలు. భరణం అసలు కాదు.

సున్నాల తప్పు. ఆ బాకీని తొలుత 39 బిలియన్ పౌండ్లుగా అంచనా వేశారు. బిలియన్ అంటే వంద కోట్లు. కాబట్టి 3,900 కోట్ల పౌండ్లు. ‘39 వేల కోట్లు’ అని రాస్తే పదింతలు పెరిగిపోతుంది.

ఇక్బాల్:
నాలుగోది నేను కలుపుతాను. వీసా కాగితాల్లో ‘లీవ్ టు రిమెయిన్’ అని ఉంటుంది. ఇవే రెండు మాటలు, అర్థం పూర్తిగా వేరు. అక్కడ లీవ్ అంటే అనుమతి. ‘బ్రిటన్‌లో ఉండటానికి అనుమతి’. యంత్రానువాదం దీన్ని ‘ఉండటానికి వదలండి’ అని చేసి పెడుతుంది.

దీనికీ ఓటుకూ సంబంధం ఉంది. బ్రిటన్‌లో నివసిస్తున్న కామన్వెల్త్ పౌరులు ఆ రెఫరెండంలో ఓటేయొచ్చు. అంటే ఆ అనుమతి మీద ఉన్న, చేతిలో భారత పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్లకూ ఓటరు జాబితాలో పేరుంటే ఓటు ఉంది. పక్కింటి పోలండ్ వ్యక్తికి, ఎదురింటి ఫ్రెంచి కుటుంబానికి లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు మాత్రం ఉంది. ‘ఓటర్లు’ అనడానికి బదులు ‘బ్రిటిష్ పౌరులు’ అని రాస్తే తప్పు.

సుజాత:
అందరి మాటా కలిపి సరిదిద్దాను:

‘యునైటెడ్ కింగ్‌డమ్ యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశంగా కొనసాగాలా, యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలా?’

గడుల్లో: ‘యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశంగా కొనసాగాలి’, ‘యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలి’. మధ్యలో ‘లేక’ తీసేశాను, -ఆలా, -ఆలా అంటేనే తెలుగులో రెండింటిలో ఒకటి అని తెలుస్తుంది. వివరణలో బ్రిటన్ వైదొలగిన తేదీ 2020 ఫిబ్రవరి 1 అని పెట్టాను, సరేనా?

కిరణ్:
జనవరి 31 అని మార్చండి. గడువు బ్రస్సెల్స్ గడియారం ప్రకారం అర్ధరాత్రి, లండన్‌లో అప్పుడు రాత్రి 11 గంటలు. మనకు మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నర. మన పత్రికల్లో ఫిబ్రవరి 1 అని కనబడటానికి కారణం అదే. ‘లండన్ కాలమానం ప్రకారం 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు’ అని రాస్తే ఎవరికీ అనుమానం రాదు.

సుజాత:
మార్చాను.