ఏసీ ఆపాకే సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి, కారణం ఏమిటి?

ప్రశ్న: పటమట, విజయవాడ

అందరికీ నమస్కారం. మా ఇల్లు ఫిబ్రవరిలో పూర్తయింది. గదికొక స్ప్లిట్ ఏసీ వద్దనుకుని హాలుకీ, రెండు పడకగదులకీ కలిపి 3 టన్నుల డక్టబుల్ ఏసీ పెట్టించాం. ఇండోర్ యూనిట్ కారిడార్ ఫాల్స్ సీలింగ్ పైన ఉంది, అక్కణ్ణుంచి మూడు వైపులకీ డక్టులు, అంటే చల్లగాలి వెళ్లే గొట్టాలు, వెళ్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క చుక్క కారలేదు. రోహిణి కార్తెలో కూడా హాయిగా నిద్రపోయాం. జులైలో వానలు మొదలైన దగ్గర్నుంచే ఈ బాధ.

ఏసీ నడుస్తున్నంతసేపూ ఏమీ ఉండదు. పొద్దున్న ఆరింటికి ఆపుతాం. ఐదు నిమిషాలు తిరక్కుండానే సీలింగ్ లోంచి ధారగా నీళ్లు. జిప్సం బోర్డు ఉబ్బిపోయింది, పెద్ద పసుపు మరక పడింది. పెట్టినవాళ్లు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి డ్రైన్ పైపులోకి గాలి కొట్టి వెళ్లారు, నాలుగు రోజులు బాగానే ఉంది. రెండోసారి గ్యాస్ తగ్గిందన్నారు. ఇప్పుడేమో సీలింగ్ మొత్తం విప్పి పైపు మార్చాలంటున్నారు. మా అమ్మకి డెబ్బై రెండేళ్లు, తెల్లారకముందే లేచి ఆ కారిడార్ లోనే తిరుగుతుంది. ఎక్కడ జారిపడుతుందోనని రోజూ టెన్షన్.

ఇంకో విషయం. చివరి పడకగది తలుపు వేస్తే చల్లబడదు, తీస్తే చల్లబడుతుంది. ఈ రెండూ ఒకే లోపమా, వేర్వేరా?

భవానీపురం, విజయవాడ

అన్నా, గ్యాస్ మాత్రం అప్పుడే వేయించకండి. పోయినేడాది మాకూ ఇలాగే కారింది. ఫిల్టర్ మూసుకుపోయి కాయిల్ (గాలిని చల్లబరిచే పైపుల వరస) మీద ఐసు పట్టింది. ఏసీ ఆపగానే ఆ ఐసంతా కరిగి ట్రే నిండి పొర్లింది. ముందు ఫిల్టర్ తీసి చూడండి.

పటమట

ఫిల్టర్ రెండు వారాలకోసారి నేనే కడుగుతున్నానండీ. నిన్ననే మళ్లీ చూశాను, శుభ్రంగా ఉంది. తెల్లవారేదాకా గాలి జోరు కూడా తగ్గదు, చల్లదనమూ తగ్గదు.

బ్రాడీపేట, గుంటూరు

నేను ఇరవై ఏళ్లకు పైగా ఏసీ పనిలోనే ఉన్నాను. డక్టబుల్ యూనిట్లు చాలానే బిగించాను. మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది 'ఆపాకే కారుతుంది' అన్న మాట. భవానీపురం తమ్ముడు చెప్పిన ఐసు కూడా సరైన అనుమానమే. కానీ ఐసు పడితే తెల్లవారేసరికి గాలి సన్నబడుతుంది, గది చల్లబడడం మానేస్తుంది. మీకు ఆ రెండూ లేవు. గ్యాస్ తగ్గితే చల్లదనం పడిపోవాలి, అదీ లేదు. అందుకని నా అనుమానం డ్రైన్ పైపులో యు ట్రాప్ లేకపోవడం మీద. యు ట్రాప్ అంటే యు ఆకారంలో ఉండే పైపు ముక్క, దాని అడుగున నిలిచే నీరు గాలిని అటూ ఇటూ పోనివ్వదు.

ఎందుకో చెప్తాను. ఇలాంటి యూనిట్లు చాలావాటిలో గాలి ముందు కాయిల్ గుండా వెళ్లి, ఆ తర్వాత ఫ్యాన్ లోకి వస్తుంది. అంటే ఫ్యాన్ కాయిల్ వైపు నుంచి గాలిని పీలుస్తూ ఉంటుంది. నీళ్లు పడే ట్రే కూడా ఆ పీల్పు ఉన్న చోటే ఉంటుంది. డ్రైన్ పైపు తిన్నగా బయటికి తెరుచుకుని ఉంటే, ఫ్యాన్ ఆ పైపులోంచి కూడా గాలి లాగుతుంది. లోపలికి వచ్చే ఆ గాలి బయటికి పోవాల్సిన నీటిని అడ్డుకుంటుంది. రాత్రంతా ట్రేలో నీరు మట్టం పెరుగుతూ ఉంటుంది. ఫ్యాన్ ఆగగానే పీల్పు పోతుంది, పట్టి ఉన్న నీరంతా ఒక్కసారి కదులుతుంది. పైపు మోయలేనంత వస్తే ట్రే అంచు దాటి సీలింగ్ మీద పడుతుంది.

మేలో ఎందుకు కారలేదంటే, ఆ నెలలో మనకు వీచేవి పొడి వడగాలులు. కాయిల్ మీద తేమ తక్కువ చేరుతుంది, ఆ కాస్త నీరూ ఎలాగో బయటపడిపోతుంది. వానలు పడ్డాక అలా కాదు. ఉక్కపోత రోజున 3 టన్నుల యంత్రం గంటకు మూడు నాలుగు లీటర్ల నీరు తీయడం మామూలే. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా లెక్కేసుకోండి, పాతిక, ముప్పై లీటర్ల దాకా వస్తుంది.

ఇప్పుడు మీరే చేసుకోగల పరీక్ష. డ్రైన్ పైపు బయట ఎక్కడ తెరుచుకుంటుందో చూసుకోండి, బాల్కనీలోనో పక్క సందులోనో ఉంటుంది. ఏసీ నడుస్తుండగా ఆ మూతి దగ్గర ఒక అగరుబత్తి పట్టుకోండి. పొగ పైపులోపలికి వెళ్తుంటే ట్రాప్ లేదని, లేదా ఉన్నా అందులో నీరు లేదని అర్థం. పైపులో అడ్డుగా నిలిచిన నీరు ఉంటే గాలి అటు నుంచి లోపలికి పోదు. అగరుబత్తి బయట మూతి దగ్గర మాత్రమే. యూనిట్ దగ్గరికీ, రాగి పైపుల దగ్గరికీ నిప్పు తీసుకెళ్లొద్దు. ఇప్పటి యంత్రాల్లో చాలావాటిలో ఉండేది ఆర్-32 గ్యాస్, దానికి కొద్దిగా మండే గుణం ఉంది.

పటమట

చేశాను సార్. పొగ గొట్టంలోకి చక్కగా లాక్కుంటోంది! మా ఆవిడ, నేను ఇద్దరం చూశాం. ఇక ఏం చేయాలి? సీలింగ్ మొత్తం విప్పాలా?

బ్రాడీపేట, గుంటూరు

మొత్తం అక్కర్లేదు. యూనిట్ కింద సర్వీసు కోసం తలుపు వదిలి ఉండాలి కదా, పని అంతా అందులోంచే. అసలు తలుపే పెట్టకపోతే ఆ ఒక్క చోట రెండడుగుల చదరం కోయించి మూత పెట్టించండి. రేపు మోటారు పోయినా, సెన్సర్ పోయినా అదే దారి. తలుపు లేకుండా సీలింగ్ మూసేసిన ఇళ్లలో ఇరవై నిమిషాల పనికి రోజంతా పట్టడం చూశాను. ఇల్లుగలవాళ్లకి అనవసరపు ఖర్చు, మాకూ బాధ.

మెకానిక్ వచ్చినప్పుడు మెయిన్ ఎంసీబీ ఆపించి, మీరు పక్కనే ఉండి మూడు పనులు చేయించండి. మొదటిది ట్రాప్. ట్రే నుంచి పైపు బయటికొచ్చిన చోటే, యూనిట్ పక్కనే యు ఆకారంలో బిగించాలి. నీరు బయటికి వెళ్లే వైపు మూతి, ట్రే రంధ్రం కన్నా కనీసం రెండు అంగుళాలు కిందికి ఉండాలి. యు అడుగున అంగుళంన్నర అయినా నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. కంపెనీ మాన్యువల్ లో కొలత ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. రెండు మూతులూ ఒకే ఎత్తులో పెట్టేస్తే ఫ్యాన్ ఆ నీటిని కూడా పీల్చేస్తుంది, ట్రాప్ ఉండీ లేనట్టే.

రెండోది వాటం. ట్రాప్ తర్వాత పైపు బయటిదాకా వాలుగా పోవాలి. మీటరుకు ఒక సెంటీమీటరు కనీసం, రెండు ఉంటే ఇంకా మంచిది. తాపీమేస్త్రీ దగ్గరుండే రసమట్టం తెప్పించి మీ కళ్లతోనే చూడండి. పైపును తీగతో వేలాడదీసి వదిలేస్తే మధ్యలో కిందికి జారి కడుపు పడుతుంది. ఆ కడుపులో నీరు నిలిచి, జిగురు పట్టి, కొన్నాళ్లకు మూసుకుపోతుంది. మొదటిసారి గాలి కొట్టినప్పుడు నాలుగు రోజులు బాగుందన్నారు కాబట్టి మీ పైపులో కొంత జిగురు కూడా ఉండే ఉంటుంది. మీటరుకొక క్లాంపు వేయిస్తే ఆ కడుపు పడదు.

మూడోది ఫ్లోట్ స్విచ్. యూనిట్ కింద ఇంకో పెద్ద ట్రే పెట్టించి అందులో ఈ స్విచ్ పెడతారు. నీళ్లు పొర్లి ఆ ట్రేలో కాస్త చేరగానే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఇది తప్పకుండా పెట్టించమని చెప్తున్నాను. ఖర్చు వందల్లోనే, సీలింగ్ బోర్డు మార్చే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

డ్రైన్ పైపును బాత్రూమ్ లైనులో తిన్నగా కలపొద్దు. బాత్రూమ్ నేల మీద నీళ్లు పోయే జాలీకి పైన కాస్త ఎడంగా వదలాలి. లేకపోతే మురుగు వాసన, బొద్దింకలు ఏసీ దాకా వస్తాయి.

ఇక తలుపు సంగతి. అది వేరే లోపం. మీ ఇంట్లో గాలి తిరిగి యూనిట్ కు వెళ్లే జాలీ కారిడార్ లో ఒక్కటే ఉందనుకుంటాను. పడకగది తలుపు వేస్తే ఆ గదిలోకి వచ్చిన గాలికి బయటికి పోయే దారి ఉండదు. గది గాలితో బిగుసుకుపోతుంది, కొత్త చల్లగాలి లోపలికి రాదు. తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదిలినా చాలావరకు సర్దుకుంటుంది. గడపకు ఆనుకునే తలుపైతే ద్వారబంధం పైన గోడలో చిన్న జాలీ పెట్టించండి. జాలీ పెడితే మాటలు కొంచెం బయటికి వినిపిస్తాయి, కాబట్టి ముందు తలుపు సందుతో ప్రయత్నించడమే నయం.

సత్యనారాయణపురం, విజయవాడ

సార్, మాకూ డక్టబులే. మాకు నీళ్లు ఒకచోట కాదు, డక్టు పొడుగునా అక్కడక్కడా చెమ్మ. ఇదీ డ్రైనేనా?

బ్రాడీపేట, గుంటూరు

కాదమ్మా, అది డక్టుకు పట్టే చెమట. ఫ్రిజ్ లోంచి తీసిన సీసాకు పట్టినట్టే. డక్టు లోపల గాలి 13, 14 డిగ్రీల్లో ఉంటుంది. వర్షాకాలంలో సీలింగ్ పైన వేడి, తేమ రెండూ ఎక్కువ. డక్టు మీద చుట్టిన ఇన్సులేషన్ ఎక్కడ చిరిగినా, అతుకు విడిపోయినా అక్కడ నీళ్లు పట్టేస్తాయి. చెమ్మ ఉన్న చోట్ల అతుకులు విప్పి, పూర్తిగా ఆరాక కొత్త ముక్క వేసి టేపు గట్టిగా చుట్టించండి. తడి మీద టేపు అతకదు. డ్రైన్ పైపుకు కూడా మొదటి కొన్ని అడుగులు ఇన్సులేషన్ ఉండాలి, చాలామంది అది వదిలేస్తారు.

రిమోట్ లో ఫ్యాన్ 'ఆన్' అని పెట్టారేమో కూడా చూడండి. వానాకాలంలో 'ఆటో'లోనే ఉంచాలి. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతుంటే, కాయిల్ మీదున్న తడి మళ్లీ గాలిలో కలిసి ఇంట్లోకే వస్తుంది. చల్లగా ఉన్నా ఒళ్లు జిడ్డుగా అనిపించేది అందుకే.

లక్ష్మీపురం, గుంటూరు

అన్నగారూ, మా అన్నయ్య వాళ్లిల్లు మిర్చి యార్డు వైపు. సీజన్లో ఫిల్టర్ దులిపితే ఇంటిల్లిపాదికీ దగ్గు. ఎన్నాళ్లకు కడగాలి? ఇంకోటి, నేను కొత్తగా కొంటున్నాను. వేడిగాలి కూడా ఇచ్చే మోడల్ తీసుకోమంటున్నారు. అవసరమా?

బ్రాడీపేట, గుంటూరు

ఆ వైపు ఇళ్లకైతే మిర్చి వచ్చే నెలల్లో వారానికోసారి కడగమనండి. దులపొద్దు, చీపురూ బ్రష్షూ పెట్టొద్దు. తీసిన ఫిల్టర్ ని అలాగే నేరుగా పంపు కింద పెట్టి, గాలి వెళ్లే దిశకు ఎదురుగా నీళ్లు వదిలితే ఘాటు లేవదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. నీడలో ఆరబెట్టి పూర్తిగా ఆరాకే పెట్టాలి. మిగతా ఊళ్లో ఎండాకాలం రెండు వారాలకోసారి సరిపోతుంది.

వేడిగాలి మోడల్ మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. అందులో గ్యాస్ దారిని తిప్పే ఒక వాల్వు ఎక్కువగా ఉంటుంది. చలికాలంలో ఔట్‌డోర్ యూనిట్ బయటి గాలిలోని వేడిని తీసి లోపలికి ఇస్తుంది. ఢిల్లీ వాళ్లకు అది నిజంగా పనికొస్తుంది. మన గుంటూరు, విజయవాడల్లో సంక్రాంతి చలి కూడా దుప్పటితో పోయేదే. ఆ డబ్బుతో ఎక్కువ స్టార్లున్నదో, మంచి ఇన్సులేషనో తీసుకోండి. వాడేటప్పుడు 24 దగ్గర పెట్టి పైన సీలింగ్ ఫ్యాన్ వేసుకోండి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న గది ఏసీలు ఆన్ చేయగానే 24లోనే మొదలవ్వాలని నిబంధన వచ్చింది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని స్టార్ గుర్తులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్తోంది.

సింగ్ నగర్, విజయవాడ

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా ఔట్‌డోర్ యూనిట్ రెండు రోజులు నీళ్లలోనే ఉంది. ఆరిపోయింది కదా అని స్విచ్ వేశాం, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మాడిపోయింది. అందరికీ తెలుస్తుందని రాస్తున్నాను.

బ్రాడీపేట, గుంటూరు

మీ నష్టానికి బాధగా ఉందండీ. మునిగిన యూనిట్ ను మెకానిక్ విప్పి, బురద కడిగి, ఆరబెట్టి, మెగ్గర్ (కరెంటు లీకవుతుందేమో చూసే మీటరు) తో మోటారు వైండింగ్ పరీక్షించేదాకా కరెంటు ఇవ్వకూడదు. పల్లపు ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఔట్‌డోర్ ను నేల మీద కాకుండా గోడకు స్టాండు వేసి ఎత్తులో పెట్టించండి. బల్లులు, చీమలు బోర్డులోకి దూరకుండా వైర్లు వెళ్లే రంధ్రాలు కూడా మూయించాలి. మా దగ్గరికి వచ్చే మాడిన బోర్డుల్లో బల్లి కళేబరం దొరకడం చాలాసార్లు చూశాను.

పటమట

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. వేరే మెకానిక్ ను పిలిచాం. తలుపులోంచి చూస్తే పైపు తిన్నగా ఉంది, ట్రాప్ లేనే లేదు. మధ్యలో మీరన్నట్టే కడుపు పడి ఉంది. ట్రాప్ వేసి, వాటం సరిచేసి, కింద ట్రే పెట్టి ఫ్లోట్ స్విచ్ బిగించాడు. రెండు గంటల పని. ఆ రోజు నుంచి ఒక్క చుక్క లేదు. పొగ కూడా లోపలికి పోవడం లేదు. గ్యాస్ ప్రెషర్ చూస్తే సరిగ్గానే ఉంది, అసలు తగ్గనే లేదు. పడకగది తలుపు కింద సందు కోయించాం, తేడా తెలుస్తోంది. మా అమ్మ మీకు దీవెనలు చెప్పమంది.

ఉబ్బిన బోర్డు ఇప్పుడే మార్చొచ్చా? శీతాకాలం వాడనప్పుడు ఏమైనా చేయాలా?

బ్రాడీపేట, గుంటూరు

చాలా సంతోషం. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

బోర్డు ఇంకో రెండు వారాలు ఆగి, లోపలి ఫ్రేము బాగా ఆరాక మార్చండి. తడి మీద కొత్త బోర్డు వేస్తే లోపల బూజు పడుతుంది. శీతాకాలం వాడకపోతే ట్రాప్ లో నీరు ఎండిపోతుంది, మళ్లీ పొగ లోపలికి పోయే స్థితే వస్తుంది. ఉగాదికి ముందు ఏసీ మొదలుపెట్టే రోజున ట్రేలో ఒక చెంబు నీళ్లు పోసి, అవి బయట మూతిలోంచి వస్తున్నాయో లేదో చూసుకోండి. సీజన్లో నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి ట్రేలో పోస్తే జిగురు పట్టదు. బ్లీచింగ్, యాసిడ్ పోయొద్దు, అవి కాయిల్ మీదుండే అల్యూమినియం రెక్కలను తినేస్తాయి. కాయిల్ కడిగేటప్పుడు బండ్లు కడిగే ప్రెషర్ పంపు పెట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి.

ఎండాకాలం మొదట్లో ఎవరైనా వచ్చి ఏటా గ్యాస్ నింపాలంటే ఒప్పుకోకండి. గ్యాస్ వాడకంతో అరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి ఆ చోటు కనిపెట్టమనండి, అది మూశాకే గ్యాస్.