మైనస్ 11లో బండి సెల్ఫ్ తీసుకోవట్లేదు, ఎవరైనా చెప్పండి

అందరికీ నమస్కారం. ఆగస్టులో మాస్టర్స్ కోసం మిన్నియాపాలిస్ వచ్చాను, మాది ఒంగోలు. నవంబర్‌లో ముగ్గురు రూమ్మేట్లం కలిసి 2011 కరోలా కొన్నాం. నాలుగు రోజులుగా తీయలేదు, అపార్ట్‌మెంట్ బయటే పార్క్ చేసి ఉంది. ఈ పొద్దున తాళం తిప్పితే టకటకటక అంటోంది, ఇంజిన్ మాత్రం కదలట్లేదు. డాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, తిప్పగానే మసకబారతాయి. ఒక షాపుకి ఫోన్ చేస్తే "స్టార్టర్ పోయి ఉంటుంది, టో చేయించి తీసుకురా" అన్నారు. రూమ్మేటేమో తోసి స్టార్ట్ చేద్దామంటున్నాడు. ఏది చేయాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు, బ్లూమింగ్టన్ నుంచి

తోయకండి. మన ఊళ్ళో తోస్తే స్టార్ట్ అయ్యేవి గేరు బళ్ళు, సెకండ్ గేర్ వేసి క్లచ్ వదిలితే చక్రాలు ఇంజిన్ని తిప్పుతాయి. మీది ఆటోమేటిక్ అయితే ఇంటి దగ్గర నుంచి డౌన్‌టౌన్ దాకా తోసినా స్టార్ట్ కాదు. పైగా ఆ మంచు మీద జారి పడితే ఆసుపత్రి బిల్లు బండి ఖరీదు దాటిపోతుంది.

జవాబు, ఈడెన్ ప్రైరీ నుంచి

తమ్ముడూ, టో ఆపు. నువ్వు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది.

"స్టార్ట్ కావట్లేదు" అంటే రెండు వేరు వేరు జబ్బులు. సెల్ఫ్ తిరగకపోవడం ఒకటి, సెల్ఫ్ బాగానే తిరిగినా ఇంజిన్ అందుకోకపోవడం ఇంకోటి. ఇక్కడి వాళ్ళతో ఫోన్లో మాట్లాడేటప్పుడు "సెల్ఫ్" అంటే అర్థం కాదు, మొదటిదాన్ని "నో క్రాంక్" అనాలి, రెండోదాన్ని "క్రాంక్స్ బట్ నో స్టార్ట్" అనాలి. ఉత్తగా "నాట్ స్టార్టింగ్" అన్నావంటే అవతలివాడు తనకి నచ్చిన పార్ట్ పేరు చెబుతాడు.

నీది మొదటి రకం. అందులోనూ టకటక అని గబగబా కొట్టుకోవడమంటే దాదాపుగా బ్యాటరీలో బలం లేకపోవడమే. తాళం తిప్పగానే స్టార్టర్ మీదుండే సోలినాయిడ్ అనే అయస్కాంత స్విచ్ పట్టుకోబోతుంది, స్టార్టర్ లాగే కరెంటుకి వోల్టేజీ పడిపోయి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ లేచి మళ్ళీ పట్టుకుంటుంది. ఆ పట్టు-విడుపే నీకు వినిపిస్తున్న శబ్దం. లైట్లు మసకబారడం కూడా అదే మాట చెబుతోంది. స్టార్టర్ పోతే మామూలుగా ఒక్కసారి "టక్" అని ఊరుకుంటుంది, లైట్లు పెద్దగా తగ్గవు. అసలు ఏ శబ్దమూ లేకపోతే గేరు న్యూట్రల్‌లో పెట్టి చూడాలి, పార్కింగ్ స్విచ్ అరిగితే అలా జరుగుతుంది. డాష్‌బోర్డులో తాళం బొమ్మ అదే పనిగా మెరుస్తుంటే బండి నీ తాళాన్ని గుర్తుపట్టట్లేదని అర్థం, రెండో తాళంతో ప్రయత్నించు.

జంప్ చేసే ముందు, అంటే ఇంకో బండి బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేసే ముందు, హుడ్ ఎత్తి (మన బానెట్టే) బ్యాటరీ టెర్మినళ్ళు చూడు. నేనొచ్చిన మొదటి చలికాలంలో నాకూ ఇలాగే ఒక షాపువాళ్ళు స్టార్టర్ మార్చారు, నాలుగు వందలకి పైనే అయింది. వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ. పక్కింటి ముసలాయన గ్లోవ్ తీసి నెగటివ్ టెర్మినల్ని రెండు వేళ్ళతో తిప్పాడు. చేతికి వదులుగా ఉన్న గాజు తిరిగినట్టు గిర్రున తిరిగింది. 10 నంబరు స్పానర్‌తో బిగించాడు, బండి స్టార్టయింది. ఆ పాత స్టార్టర్ అసలు పోయిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కాబట్టి ముందు టెర్మినళ్ళు కదిలించి చూడు. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే వైర్ బ్రష్‌తో గీకెయ్, చేతులకి గ్లోవ్స్ వేసుకుని.

మల్టీమీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకా మంచిది. బండి ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 దగ్గరికి వస్తే ఖాళీ అయినట్టే లెక్క. సగం ఛార్జితో విజయవాడలో బండి నడుస్తుంది, ఇక్కడ నడవదు. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, అదే సమయానికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. ఇచ్చేవాడు నీరసించినప్పుడే అడిగేవాడి ఆకలి పెరుగుతుందన్నమాట.

జంప్ వరుస: ఎర్ర వైరు ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస అవతలి బండి ప్లస్‌కి. నల్ల వైరు అవతలి బండి మైనస్‌కి, చివరి కొస నీ బ్యాటరీకి కాదు, నీ ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుప భాగానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, చివరి కొస తగిలించేటప్పుడు వచ్చే నిప్పురవ్వ దానికి దూరంగా ఉండాలి. అవతలి బండిని అయిదు పది నిమిషాలు ఆన్‌లో ఉంచి అప్పుడు తిప్పు. ఒక్కోసారి పది సెకన్లు మించకూడదు, మధ్యలో స్టార్టర్‌కి కాస్త విశ్రాంతి ఇవ్వాలి. స్టార్టయ్యాక చివర తగిలించిన కొస నుంచి మొదలుపెట్టి వెనక్కి విప్పుకో.

జవాబు, ప్లిమత్ నుంచి

పైన అన్నయ్య గారు చెప్పినవన్నీ సరే, ఒకటి కలుపుతాను. ఈ చలికి పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ లోపల గడ్డకట్టేస్తుంది. నిండుగా ఉన్నది మైనస్ 50 సెల్సియస్‌ని కూడా తట్టుకుంటుంది, ఖాళీది మాత్రం మైనస్ 7 దగ్గరే గడ్డకడుతుంది. డబ్బా పక్కలు ఉబ్బి ఉన్నా, పగులు కనిపించినా జంప్ జోలికి వెళ్ళకు నాన్నా, పేలే ప్రమాదం ఉంది. ఇంకోటి, సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు ఉంటే ముందు తవ్వెయ్యి, బండి ఆన్ చేసి లోపల కూర్చోవడం ఆ తర్వాతే. గొట్టం మూసుకుపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మీ ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అని ఉంటే జంప్ చేయడానికి వాళ్ళే మనిషిని పంపిస్తారు. చాలామంది పిల్లలు నెలనెలా దానికి డబ్బు కడుతూ అది ఉందన్న సంగతే మరిచిపోతారు.

ప్రశ్న అడిగినవారు, సాయంత్రం

థాంక్యూ అన్నా, అక్కా. అప్‌డేట్: బ్యాటరీ ఉబ్బలేదు. టెర్మినళ్ళు గట్టిగానే ఉన్నాయి కానీ ప్లస్ చుట్టూ బోలెడంత పచ్చపొడి, గీకేశాం. కింద ఫ్లాటాయన మీటర్ ఇస్తే పెట్టి చూశాం, 12.2. ఆయన బండితోనే జంప్ చేస్తే రెండో ప్రయత్నంలో స్టార్టయింది! ఆన్‌లో ఉండగా 14.1 చూపించింది. అరగంట తిప్పి తెచ్చి పెట్టాం. ఇంక పర్లేదా?

జవాబు, ఈడెన్ ప్రైరీ నుంచి

14.1 అంటే ఆల్టర్నేటర్, అదే మన డైనమో, ఛార్జ్ చేస్తోందని. ఆ దిగులు లేదు. కానీ అరగంట తిరిగితే సగం బ్యాటరీ నిండదు, ఎదురుగా హీటరూ వెనకద్దం డీఫ్రాస్టరూ తాగేస్తుంటాయి. రేపు పొద్దున మళ్ళీ టకటక వినిపించే అవకాశమే ఎక్కువ. బ్యాటరీ మీద గుండ్రటి చిన్న స్టిక్కర్ ఉంటుంది, ఏ నెల ఏ సంవత్సరం అని. ఇక్కడ నాలుగైదేళ్ళు దాటితే దాని పని అయిపోయినట్టే. ఆటో పార్ట్స్ దుకాణాల్లో చాలావరకు ఉచితంగా టెస్ట్ చేస్తారు, కొంటే చాలా మోడళ్ళకి వాళ్ళే బిగిస్తారు కూడా. కొనేటప్పుడు సీసీఏ అనే అంకె చూడు. సున్నా ఫారెన్‌హీట్‌లో బ్యాటరీ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క అది. ఇండియాలో ఎవరూ పట్టించుకోరు, మిన్నెసోటాలో నాకు తెలిసి అన్నిటికంటే ముఖ్యమైన అంకె అదే. పాత బ్యాటరీ పారెయ్యకు, తిరిగిస్తే కోర్ డిపాజిట్, అంటే కొత్తది కొన్నప్పుడు పాతదాని కోసం పట్టుకునే డబ్బు, వెనక్కి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు, రెండు రోజుల తర్వాత

అన్నా, నువ్వన్నట్టే మర్నాడు మళ్ళీ టకటక. స్టిక్కర్ గీకి చూస్తే ఏడేళ్ళ బ్యాటరీ. కొత్తది వేయించాం, ముగ్గురం పంచుకున్నాం. పొద్దున ఒక్క తిప్పుకే అందుకుంది. రూమ్మేట్ జంపర్ కేబుళ్ళు కొని డిక్కీలో పడేశాడు, పక్క బిల్డింగ్‌లో కడప అబ్బాయిల బండి నిన్న రాత్రి నుంచి కదలట్లేదట, ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాం.